నాటుకోడి పిల్లల్లో పుంజేది, పెట్టేది? ఎన్ని వారాలకు ఖాయంగా చెప్పొచ్చు?

తాడిపత్రి పెరడు:
అందరికీ నమస్కారం. ఇంటి వెనకాల మూడు రకాల పిల్లలున్నాయి. మా నాటుపెట్ట పొదిగినవి కొన్ని, వనరాజ అనే పెరటి రకం కొన్ని, మా బామ్మర్ది ఇచ్చిన జాతికోడి (పందేలకు పెంచే రకం) పిల్లలు కొన్ని. అన్నీ నెల దాటినాయి. నాకు గుడ్లకు పెట్టలు కావాల. పుంజుల్లో ఒకటి సుంకులమ్మ మొక్కుకు పెట్టుకుని మిగతావి అమ్మేద్దామని ఆలోచన. మేత రేట్లు చూస్తే అన్నిట్నీ ఆరు నెలలు మేపి ఏరుకునేట్టు లేదు. మాయమ్మ చూస్తానే చెప్తాది. ఎట్లమ్మా అంటే "నడక చూడరా" అంటాది. నాకా నడక అంతుబట్టడంల్యా. మీరెట్ల కనుక్కుంటారు? ఫొటోలు పెట్టినా చూడండి.

పత్తికొండ సేద్యగాడు:
జుట్టు చూడన్నా, నడక తర్వాత. నాటుపిల్లల్లో ఐదారు వారాలకు పుంజుపిల్ల జుట్టు మందంగా లేచి ఎర్రబడతాది. గొంతు కింద తమ్మెలు కూడా కొంచెం కనపడతాయి. పెట్టపిల్లకి ఆ వయసులో జుట్టు సన్నగా, పాలిపోయిన పసుపు రంగులోనే ఉంటాది. ఒక్క పిల్లను పట్టుకుని చూస్తే ఏమీ తేలదు. ఒకే పొదుగులో లేచినవాటిని పక్కపక్కన పెట్టి చూడాల. నీ రెండో ఫొటోలో ఎడమపక్కది పుంజే, అనుమానం లేదు.

గండికోట కుర్రోడు:
అన్నా, ఇంత కష్టమెందుకు? పుట్టిన రోజే రెక్క విప్పి చూస్తే తెలుస్తుందంట కదా. ఈకలు పొడుగూ పొట్టీగా ఉంటే పెట్ట, అన్నీ సమానంగా ఉంటే పుంజు. వీడియోల్లో టకటకా ఏరేస్తున్నారు.

ప్రొద్దుటూరు పశువైద్యం:
ఆ పద్ధతి నిజమే తమ్ముడూ, కానీ మన గంప కింది పిల్లలకు పనికిరాదు. రెక్క ఈకలు తొందరగా రావాలా, నిదానంగా రావాలా అని నిర్ణయించే జన్యువు ఆడమగా తేల్చే జెడ్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. హేచరీవాళ్లు కావాలనే తొందరగా ఈకలొచ్చే రకం పుంజును, నిదానంగా వచ్చే రకం పెట్టతో కలుపుతారు. అప్పుడు పుట్టే ఆడపిల్లలన్నిటికీ ఈకలు తొందరగా వస్తాయి, మగపిల్లలన్నిటికీ నిదానంగా వస్తాయి. అదైనా పుట్టిన మొదటి ఒకట్రెండు రోజుల్లోనే చూడాలి, తర్వాత తేడా కలిసిపోతుంది. మన నాటుకోళ్లలో తల్లిదండ్రులది ఏ రకమో ఎవరికీ తెలీదు. రెక్క విప్పితే ఏ పిల్లకు ఈకలు ముందొచ్చాయో తెలుస్తుంది తప్ప అది ఆడో మగో తెలీదు.

ఇంకో సంగతి. వెనకభాగం నొక్కి లోపల చూసి చెప్పే పద్ధతి 1920ల్లో జపాన్‌లో బయటికొచ్చింది. దానికి చాలా తర్ఫీదు కావాలి. ఎవరూ ఇంట్లో ప్రయత్నించొద్దు. పొట్టలో పచ్చసొన సంచి ఇంకా కరగని పిల్ల అది, నొక్కితే చచ్చిపోతుంది.

గుత్తి రైలుబండి:
మా అవ్వ కోలగుడ్డు పుంజు, గుండ్రటి గుడ్డు పెట్ట అని ఏరి మరీ పొదుగుకు పెడతాది. కొంతమంది దారానికి ఉంగరం కట్టి గుడ్డు మీద ఊపుతారు. దాని మీద మీరేమంటారు?

పత్తికొండ సేద్యగాడు:
ఉంగరం ఊపితే సగం సార్లు నిజమవుతాదప్పా. ఉండేది రెండే గదా!

ప్రొద్దుటూరు పశువైద్యం:
గుడ్డు ఆకారానికీ లోపలి పిల్లకూ సంబంధం లేదు. ఒక పెట్ట పెట్టే గుడ్లన్నీ ఇంచుమించు ఒకే ఆకారంలో ఉంటాయి, అది ఆ పెట్ట గర్భసంచిని బట్టి. ఆడమగా తేలేది మాత్రం పెట్ట వల్లే. పుంజుకు రెండూ జెడ్‌లే, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ. గుడ్డు బయటికి రాకముందే అంతా అయిపోతుంది. ఎండాకాలం పొదిగిస్తే పుంజులెక్కువ అనేది కూడా మన జిల్లాల్లో బాగా వినపడే మాట. తాబేళ్లలో చాలా రకాలకు, మొసళ్లకు వేడిని బట్టి ఆడమగా మారుతుంది, కోళ్లలో మారదు. మన ఎండలకు గుడ్లు మురిగేది మాత్రం నిజం.

ఆదోని అక్క:
నేను ఈకల మాటే చెప్తాను, కానీ మొదటి రోజువి కాదు. మూడు నుంచి ఐదు వారాల మధ్య చూడండి. పెట్టపిల్లలకు తోక ముందొస్తుంది, వీపు మీద ఈక చక్కగా కప్పుకుంటుంది. పుంజుపిల్లలు ఆ టైములో వీపు మీద, భుజాల దగ్గర బోసిగా, తోక మొండిగా ఉంటాయి. కాళ్లు కూడా చూడండి, పుంజుపిల్ల కాలు మందం. ఈ రెండూ జుట్టుతో కలిసొస్తే నేను ధైర్యంగా చెప్పేస్తాను. ఒకటే కలిస్తే చెప్పను.

మీ అమ్మగారు చెప్పే నడక అబద్ధం కాదు తమ్ముడూ. పుంజుపిల్ల మెడ నిలబెట్టి నిటారుగా నడుస్తుంది. పైన గద్ద నీడ పడితే తల ఎత్తి చూసేది ఎక్కువగా పుంజులే. కానీ ఎదురెదురుగా రొమ్ము తాకించి కొట్లాడుకునేది చూసి మాత్రం పుంజనుకోవద్దు. పెట్టలు కూడా పెద్దరికం కోసం అట్లే కొట్టుకుంటాయి.

తాడిపత్రి పెరడు:
అక్కా, మీరు చెప్పినట్టే నిన్న పొద్దున చూసినా. నాటువి దాదాపు తేలిపోయినాయి. వనరాజవి కూడా జుట్టుతోనే తెలుస్తున్నాయి. జాతిపిల్లలే! అన్నిటికీ జుట్టు ఒకే మాదిరి, బుడిపె మాదిరి అణిగి ఉంది. కాళ్లు అన్నిటికీ లావే. అన్నీ నిటారుగానే నిలబడతాయి.

ప్రొద్దుటూరు పశువైద్యం:
జాతికోడికి ఇదే చిక్కు. దాని జుట్టు మామూలు కోడి మాదిరి రంపంలా లేవదు, మూడు చిన్న వరసలుగా నెత్తికి అంటుకుని ఉంటుంది. తమ్మెలు కూడా దాదాపు ఉండవు. పెట్ట కూడా మెడ నిలబెట్టి, కాళ్లు లావుగా పుంజులాగే ఉంటుంది. కడక్‌నాథ్ పెంచేవాళ్లకూ ఇలాంటి ఇబ్బందే, జుట్టే నల్లగా ఉంటుంది కాబట్టి ఎరుపు చూసి చెప్పే వీలు తక్కువ. అక్కడ జుట్టు సైజు మాత్రమే చూడాలి.

జాతిపిల్లలకు నమ్మదగ్గది నడుము ఈక. పది పన్నెండు వారాలప్పుడు చూడండి. చీకటి పడ్డాక పిల్లను చేతిలోకి తీసుకుంటే కదలదు. తోక మొదలుకు కాస్త ముందు, నడుము మీద ఈకల్ని వేలితో విడదీసి, కొత్తగా వస్తున్న వాటిని చూడండి. పుంజుకు సన్నగా, పొడుగ్గా, కొస మొనదేలి, నిగనిగలాడుతూ వస్తాయి. పెట్టకు వెడల్పుగా, కొస గుండ్రంగా, ఒంటి రంగులోనే ఉంటాయి. మెడ ఈకల్లోనూ ఇదే తేడా, కానీ పెట్ట మెడ ఈకలు కూడా కొంచెం సన్నగానే ఉంటాయి కాబట్టి నడుమే చూడమంటాను. పాత ఈక ఏ పిల్లకైనా గుండ్రంగానే ఉంటుంది, దాన్ని చూసి తేల్చొద్దు.

పత్తికొండ సేద్యగాడు:
డాక్టర్ సార్ చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు, ఒక్కటి తప్ప. పెట్టమారు పుంజులుంటాయి గదా సార్. మూడు నెలలు కాదు గదా, ఏడాదైనా నడుం మీద మొనదేలిన ఈక రాదు, తోకలో వంపు తిరిగిన పొడుగీక రాదు. చూపుకి పెట్టే. కూత పెట్టేదాకా తెలీదు.

ప్రొద్దుటూరు పశువైద్యం:
ఒప్పుకుంటాను. అవి అరుదే గానీ, పెట్టమారు వంశంలో పిల్లలైతే ఈక లెక్క పనిచేయదు. తాడిపత్రి సోదరా, తండ్రి పుంజు ఎట్లుందో మీ బామ్మర్దిని ఒకసారి అడగండి.

గండికోట కుర్రోడు:
కూత ఎప్పుడొస్తుంది సార్? కాలికి ముల్లు చూస్తే సరిపోదా?

ఆదోని అక్క:
ముల్లు నమ్మొద్దు. చిన్నప్పుడు అందరికీ బుడిపే, ముసలి పెట్టలకు కూడా ముల్లు మొలుస్తుంది. కూత మూడు నాలుగు నెలలకు మొదలవుతుంది, కొన్ని రెండో నెలలోనే గొంతు సవరించుకుంటాయి. అయితే మందలో పెద్ద పుంజుంటే చిన్నవి నోరు మెదపవు. కూయలేదు కాబట్టి పెట్ట అనుకుని అమ్మితే కొన్నవాళ్లు నాలుగు రోజులకే వాకిట్లోకొస్తారు!

గుత్తి రైలుబండి:
మరి పెట్ట కూస్తే? మా ఊర్లో ముసలిపెట్ట ఒకటి కూసిందని అరిష్టమని కోసేసినారు.

ప్రొద్దుటూరు పశువైద్యం:
పెట్టకు ఎడమవైపు అండాశయం ఒక్కటే పనిచేస్తుంది. రోగం వల్ల అది చెడిపోతే హార్మోను తగ్గి జుట్టు పెరుగుతుంది, పుంజు ఈకలొస్తాయి, కొన్ని కూస్తాయి కూడా. పాపం, దానిది అనారోగ్యమే.

పత్తికొండ సేద్యగాడు:
ఇంకొకటి రాయాల. సైకిళ్ల మీద గులాబీ, పచ్చ రంగులేసి అమ్మే పిల్లల్ని పెట్టలని చెప్పి అంటగడతారు. అవి చాలామటుకు గుడ్లకోళ్ల హేచరీల్లో అక్కర్లేదని తీసేసిన మగపిల్లలు. గుడ్లు పెట్టే జాతిలో మగది గుడ్డూ పెట్టదు, కండా పట్టదు, అందుకే అంత చవగ్గా వస్తాది. గుడ్ల కోసమైతే దాని జోలికి పోవద్దు.

ఆదోని అక్క:
పుట్టిన రోజే తెలియాలంటే ఒక దారి ఉంది. నల్లటి మీద తెల్లగీతలుండే పెట్టను గీతల్లేని నల్ల పుంజుతో కలపండి. పిల్లలన్నీ నల్లగా పుడతాయి, నెత్తి మీద తెల్లచుక్క ఉన్నవి పుంజులు, లేనివి పెట్టలు. తిరగేసి, అంటే గీతల పుంజు, నల్ల పెట్ట అయితే కుదరదు. వేరే పుంజు కలవకుండా రెండు మూడు వారాలు విడిగా ఉంచి, ఆ తర్వాతి గుడ్లే పొదుగుకు పెట్టాలి.

తాడిపత్రి పెరడు:
అందరికీ ధన్యవాదాలు. బామ్మర్దికి ఫోన్ చేసినా, తండ్రి ఎర్రడేగ (ఎర్ర ఈకల పుంజు), పొడుగు తోకేనంట, పెట్టమారు కాదు. నాటువి, వనరాజవి ఈ వారమే ఏరేస్తా. జాతివి మూడో నెల నిండేదాకా అమ్మను. అనుమానంగా ఉన్నవాటి కాలికి ఎర్రదారం కట్టినా.

ఆదోని అక్క:
దారం వారానికోసారి వదులు చేయి తమ్ముడూ. కాలు లావవుతుంటే కోసుకుపోతుంది. దానికన్నా బజార్లో దొరికే ప్లాస్టిక్ రింగులు మేలు. అన్నట్టు కొక్కెర తెగులు టీకా వేయించినావా? అది వేయకుంటే ఏది పుంజో ఏది పెట్టో తేలేలోగా ఒక్కటీ మిగలదు.

తాడిపత్రి పెరడు:
ఏడో రోజు చుక్కలు వేసినామక్కా. రెండోది పశువుల ఆసుపత్రిలో సోమవారం రమ్మన్నారు, గంపతో సహా తీస్కపోతున్నా.