సీప్యాప్ మిషన్ మూలన పడితే తప్పెవరిది?

హనుమకొండ వాసి: మా బాపుకు స్లీప్ అప్నియా, అంటే నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగే జబ్బు. టెస్టులో గంటకు 40 సార్లకు పైనే ఊపిరికి ఆటంకం వచ్చింది. 30 దాటితేనే తీవ్రం అంటారు. మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో పంపి నిద్రలో గొంతు మూసుకుపోకుండా చూసే సీప్యాప్ మిషన్ కొన్నాం, నెల తిరగకుండానే బీరువా ఎక్కింది. "పేషెంటు సహకరించడం లేదు" అని చీటీ మీద రాసిచ్చారు. నిజంగా పేషెంటు తప్పేనా?

కాజీపేట గార్డు: తప్పే. నేను డ్యూటీకి పోయినా మిషన్ వెంట తీసుకుపోతా.

చౌరస్తా: అసలు ఆ మిషనే దండగ. 2016లో వచ్చిన సేవ్ అధ్యయనం చూడండి. 2,717 మందిపై చేస్తే, సీప్యాప్ పెట్టుకున్నవాళ్లలో గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గనే లేదు.

కాజీపేట గార్డు: వాళ్లు రాత్రికి సగటున 3.3 గంటలే పెట్టుకున్నారు! సగం గోలీ మింగి మందు పనిచేయలేదంటే ఎట్లా? అయినా పగటి మత్తు, గురక తగ్గాయి.

చౌరస్తా: చికిత్సకు ఒప్పుకున్నవాళ్లే 3.3 గంటలు వాడితే మామూలు జనం ఎంత వాడతారు?

గోదారిఖని: బరువు తగ్గించే టిర్జెపటైడ్ సూదిని ఈ జబ్బుకూ వాడొచ్చని 2024 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది కదా?

హనుమకొండ వాసి: అది ఊబకాయం ఉన్నవాళ్లకు. బాపు సన్నం.

కరీంనగర్ అక్క: గొంతు ఎండుతోందా? గాలికి తేమ కలిపే హ్యుమిడిఫయర్ పెట్టారా?

హనుమకొండ వాసి: అదొకటి ఉంటుందని ఎవరూ చెప్పలేదక్కా. ఒకే సైజు మాస్కు ఇచ్చిపోయారు. మీసాల దగ్గర గాలి లీకై కళ్లలోకి కొట్టేది. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

కాజీపేట గార్డు: పట్టీ బిగించుకోవాలి. అంత సుకుమారమైతే ఎట్లా?

హనుమకొండ వాసి: అన్నా, మాట జారకండి. సింగరేణిలో భూమి లోపల పనిచేసిన మనిషి ఆయన. ముక్కూ మూతీ మూసుకుంటే ఊపిరాడదని భయం. ఆ భయం గురించి ఒక్కరూ అడగలేదు, అందరూ మొండి అన్నారు.

కాజీపేట గార్డు: మా తమ్ముడూ భయమనే వదిలేసిండు. బండి నడుపుతూ నిద్రపోయిండు, ఇప్పుడు లేడు. ఎవరైనా పెట్టుకోనంటే నాకు కోపం ఆగదు.

కరీంనగర్ అక్క: కోపంతో మాస్కు ముఖానికి ఎక్కదు తమ్ముడూ. మా ఆయనకూ ఇదే భయం. మొదట మిషన్ ఆపి, పగలు టీవీ చూస్తూ మాస్కు చేత్తో ముఖానికి పట్టుకునేవాడు. తర్వాత పట్టీలు, ఆ తర్వాత గాలి. తొలి వారాల్లో ఎవరో ఒకరు పక్కన ఉండాలి, అలవాటు అప్పుడే కుదురుతుంది. మీసాలున్నాయి కాబట్టి ముక్కు రంధ్రాల దగ్గర ఆనే చిన్న మాస్కు అడగండి.

చౌరస్తా: గుండె సంగతి ఎవరూ జవాబు చెప్పలేదు.

హనుమకొండ వాసి: నాకు ముందు బాపు నిద్ర కావాలన్నా. అక్కా, ఆ చిన్న మాస్కు కొనే ముందు పెట్టి చూడనిచ్చే చోటు హనుమకొండలో ఎక్కడుంది?