టెన్నిస్ ఎల్బోకి టేప్ వేయించుకున్నోళ్ళు చెన్నైలో ఎవరైనా ఉన్నారా?

వేళచ్చేరి_షటిల్:
రాకెట్ పట్టుకుంటే మోచేయి బయటవైపు ఎముక దగ్గర ఒకటే నొప్పి, ఇప్పుడు పాల ప్యాకెట్ ఎత్తినా గొళ్ళెం తిప్పినా లాగేస్తోంది. ఫిజియో నీలం టేప్ వేసింది, ఆ పూటకి హాయిగానే ఉంది గానీ మన ఊరి చెమటకి మర్నాటికల్లా అంచులు లేచిపోయి చొక్కాకి అంటుకుంటోంది. డబ్బులు దండగేనా?

పెరంబూర్_పిన్ని:
నేను జన్మలో బ్యాట్ ముట్టుకోలేదు బాబూ, నాకూ అదే రోగం. మెట్రో వాటర్ లారీ దగ్గర బిందెలు మోసి, దుప్పట్లు పిండి పిండి వచ్చింది. నాకైతే టేప్ కన్నా మోచేతి బెల్టే నయం, తడిస్తే ఆరేసుకోవచ్చు. నొప్పి ఉన్న ఎముక మీద కాదు, దానికి రెండు వేళ్ళ వెడల్పు కిందకి, కండ మీద కట్టుకోవాలి, మరీ బిగిస్తే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి.

నెల్లూరు_ఫిజియో:
పిన్నిగారు కరెక్ట్. ఇది వచ్చేవాళ్ళలో టెన్నిస్ ఆడేవాళ్ళు చాలా తక్కువ, మణికట్టుని పైకి లేపే కండరాల స్నాయువు (టెండన్) ఎముకకి అతుక్కునే చోట దెబ్బతింటుంది అంతే. టేపులు రెండు రకాలండీ. సాగే రంగుల టేప్ జపాన్‌లో 1970ల్లో కెంజో కాసే తెచ్చింది, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆటగాళ్ళ ఒంటిమీద కనబడ్డాక అందరికీ మోజు పట్టింది (రంగుని బట్టి పవర్ మారదు, అడిగేవాళ్ళు చాలామంది!). రెండోది సాగని గట్టి టేప్, నొప్పి చోటు చుట్టూ నాలుగు ముక్కలు డైమండ్ ఆకారంలో, చర్మాన్ని మధ్యకి లాగుతూ వేస్తాం, సరిగ్గా పడితే మధ్యలో చర్మం కమలాపండు తొక్కలా ఉబ్బుతుంది, పిడికిలి బిగిస్తే నొప్పి తేడా అక్కడికక్కడే తెలుస్తుంది.
ఊడిపోకుండా ఉండాలంటే ముందు సబ్బుతో కడిగి బాగా ఆరనివ్వండి, నూనె, పౌడర్ వద్దు, వెంట్రుకలు ట్రిమ్ చేయండి, మూలలు గుండ్రంగా కత్తిరించండి, చివర్లు సాగదీయకుండా అంటించి అరచేత్తో బాగా రుద్దండి, వేడికే జిగురు పట్టుకుంటుంది. ఆటకి ఓ గంట ముందే వేసేయాలి.

ఓఎంఆర్_కోడర్:
టేప్ ఉన్నంతసేపే సుఖం బ్రో, తీస్తే మళ్ళీ మొదటికే. నాకు పనిచేసింది ఎక్సర్‌సైజే, చెయ్యి టేబుల్ అంచున పెట్టి నీళ్ళ బాటిల్ పట్టుకుని రెండో చేత్తో పైకి లేపి మెల్లగా దించడం, బోర్ కొడుతుంది కానీ వేరే దారి లేదు.

వేళచ్చేరి_షటిల్:
సచిన్ అంతటోడికే 2005లో ఆపరేషన్ అయిందిగా, అది తలుచుకుంటేనే భయం. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోమంటున్నాడు మా ఫ్రెండ్.

నెల్లూరు_ఫిజియో:
ఎక్కువమందికి ఆపరేషన్ దాకా పోదు, ఏడాదిలోపు సర్దుకుంటుంది. ఇంజెక్షన్‌తో మొదటి వారాలు బాగుంటుంది, ఏడాది తర్వాత చూస్తే వేయించుకోనివాళ్ళే మెరుగ్గా ఉన్నారని స్టడీల్లో తేలింది. టేప్ వేసుకుని ఎక్సర్‌సైజ్ చేయండి, అప్పుడే దానికి విలువ. దురద, మంట వస్తే వెంటనే కొబ్బరినూనె రాసి వెంట్రుకలు పెరిగే వైపుకే మెల్లగా తీసేయండి.

పెరంబూర్_పిన్ని:
ఆ గట్టి టేప్ మందుల షాపులో దొరుకుతుందా?

నెల్లూరు_ఫిజియో:
స్పోర్ట్స్ టేప్ అని అడగండమ్మా, ఉత్త టేప్ అంటే దెబ్బలకేసే ప్లాస్టర్ చేతిలో పెడతారు. మొదటిసారి మాత్రం ఫిజియోతోనే వేయించుకోండి.