శ్రీలంక బీచ్ ట్రిప్‌కి ఏ గైడ్‌బుక్ కొనాలి? మే నెల, పిల్లలు, అత్తయ్యగారు

ఉప్పాడ అమ్మాయి:
నమస్తే అండి. మే రెండో వారంలో శ్రీలంక వెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, తొమ్మిదేళ్ల బాబు, ఆరేళ్ల పాప, మా అత్తయ్యగారు. ఆరు రాత్రులు. దేశం దాటడం ఇదే మొదలు. దక్షిణ తీరంలో మిరిస్సా, ఉనవటున బీచ్‌లు, గాలే కోట అనుకున్నాం. పుస్తకాల షాపులో మూడు గైడ్‌బుక్‌లు కనిపించాయి. ఒకదాన్నిండా బొమ్మలే, ఒకదాంట్లో చీమతలకాయంత అక్షరాలు, మూడోది జేబులో పట్టేంత సన్నం. ఏది తీసుకోవాలో తేలక వట్టి చేతుల్తో వచ్చేశా. అత్తయ్యగారు చేప ముట్టరు, అదొకటి చూసుకోవాలి.

లక్డీకాపూల్ కుర్రాడు:
ఇప్పుడు కూడా గైడ్‌బుక్ ఏంటక్కా? మిరిస్సా మీద యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి. దారికి ఫోన్‌లో మ్యాప్ ఉంది. ఆ డబ్బుతో పిల్లలకి ఐస్‌క్రీమ్ కొనిపెట్టండి.

వైజాగ్ మాస్టారు:
బాబూ, ఆ వీడియోలు చూసే నేను మునిగాను. మూడేళ్ల కిందట జూన్‌లో దక్షిణ తీరానికి వెళ్లాం. ఒడ్డున ఎర్రజెండా, మనిషెత్తు అలలు. పిల్లలు నాలుగు రోజులూ గదిలో పేకాడుకున్నారు. తర్వాత తెలిసింది, నేను చూసినవన్నీ జనవరి, ఫిబ్రవరిల్లో తీసినవని. వీడియోలో నీళ్లు నీలంగా ఉన్నాయంటే ఆ నెలలో ఉన్నాయనే అర్థం.

అమ్మా, పుస్తకం కంటే ముందు ఏ ఒడ్డుకో తేల్చుకోండి. నైరుతి రుతుపవనాలు మన కేరళ కంటే కాస్త ముందే లంకని తాకుతాయి. మే నుంచి సెప్టెంబరు దాకా మిరిస్సా, ఉనవటున, హిక్కడువ వైపు సముద్రం మంచిగా ఉండదు. అక్కడ సీజన్ డిసెంబరు నుంచి మార్చి. అదే మే నెలలో తూర్పు తీరం, అంటే ట్రింకోమలీ దగ్గర నిలావెలి, ఉప్పువెలి, చెరువులా ఉంటాయి. నిలావెలిలో పాదాలు తడిసే లోతు నుంచి నడుము లోతుకి చాలాసేపు నడవాలి. ఆరేళ్ల పాపకి అలాంటి ఒడ్డే కావాలి.

ఇక పుస్తకం. షాపులోనే నిలబడి మూడు చోట్ల తెరవండి.

టైటిల్ పేజీ వెనక వైపు ముందు. ఎన్నో ఎడిషన్, ఏ సంవత్సరం? 2022కి ముందుదైతే అందులోని రూపాయల ధరలు చదవక్కర్లేదు. ఆ ఏడాది మొదట్లో డాలరుకి 200 దగ్గరున్న వాళ్ల రూపాయి మే నెలకి 350 దాటిపోయింది. కొత్త తేదీ వేసి కింద రీప్రింట్ అని ఉంటే లోపల సరుకు పాతదే. కొత్త ఎడిషన్‌కైనా రాసేవాళ్లు అచ్చుకి చాలా ముందే తిరిగొస్తారు.

తర్వాత నిలావెలి పేజీ. 'అందమైన తెల్లటి ఇసుక' అని వదిలేస్తే పక్కన పెట్టేయండి. ఏ నెలల్లో దిగొచ్చు, దగ్గర్లోని పావురాల దీవికి (పిజన్ ఐలాండ్) పడవ ఎక్కడ ఎక్కాలి, అది నేషనల్ పార్కు కాబట్టి టికెట్ విడిగా ఉంటుందని రాసిందా? అది పనికొచ్చే పుస్తకం.

మూడోది తిండి పేజీ. అత్తయ్యగారి కోసం ఇది ముఖ్యం. అక్కడ ఎండబెట్టిన చేపని దంచి కూరల్లో, కొబ్బరి సంబోల్‌లో, అంటే వాళ్ల కొబ్బరి పచ్చడిలో, వేస్తారు. దాన్ని ఉంబలకడ అంటారు, ఇంగ్లిష్‌లో మాల్దీవ్ ఫిష్. 'వెజ్' అని ఇచ్చిన పప్పులో కూడా పడొచ్చు. 'చేప లేదా' అని అడిగితే లేదంటారు, ఎందుకంటే వాళ్ల లెక్కలో అది మసాలా. 'ఉంబలకడ వేశారా' అని పేరు పెట్టి అడగాలి. ఈ మాట రాయని పుస్తకం శాకాహారులకి దండగ.

చెన్నై పిన్ని:
మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. మీరు చూసిన బొమ్మల పుస్తకం డీకే వాళ్లదనుకుంటా. పిల్లలు ముందేసుకుని కూర్చుంటారు గానీ బస్సు ఎక్కడ మారాలో చూడాలంటే లోన్లీ ప్లానెట్ గానీ రఫ్ గైడ్ గానీ ఉండాలి. ఈ-బుక్ మాత్రం వద్దమ్మా. మ్యాప్ పెద్దది చేస్తే వీధి పేరు కనిపిస్తుంది, వీధి పోతుంది. కాయితం పుస్తకం కొని, కావలసిన పాతిక పేజీలు ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. చరిత్ర చదువుకోడానికైతే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికే పాత ఎడిషన్ చాలు, గాలే కోట ఎక్కడికీ పోదుగా.

వీసా సంగతి మాత్రం ఏ పుస్తకంలోనూ చూడకండి. ఫీజు, రూల్సు మారుతూనే ఉంటాయి. వాళ్ల ప్రభుత్వ ఈటీఏ (ఆన్‌లైన్‌లో ఇచ్చే ప్రయాణ అనుమతి) సైట్‌లో చూసి అక్కడే కట్టండి. గూగుల్‌లో పైన వచ్చే ఏజెంట్ల సైట్లు కూడా అచ్చం అలాగే ఉంటాయి, అడ్రస్ ఒకటికి రెండుసార్లు చదవండి.

ఉప్పాడ అమ్మాయి:
మాస్టారూ, సముద్రం ఒడ్డున పుట్టి కూడా నెల సంగతి నాకు తట్టలేదు చూడండి! ఇవాళ మళ్లీ షాపుకెళ్లి మీరన్నట్టే తెరిచి చూశా. సన్నదాంట్లో ట్రింకోమలీ మొత్తం రెండు పేరాలు. బొమ్మల దాంట్లో ఫొటో బాగుంది, నెల లేదు. చీమతలకాయల దాంట్లో నిలావెలికే ఒకటిన్నర పేజీ, ఉంబలకడ కూడా ఉంది. ట్రింకోమలీలో కోనేశ్వరం గుడి ఉందనగానే అత్తయ్యగారు తూర్పుకే ఓటేశారు. కానీ మావారికి గాలే మీదే మనసు. రెండూ కుదురుతాయా?

వైజాగ్ మాస్టారు:
ఆరు రాత్రుల్లో కుదురుతాయి, ఊపిరి తిరగదంతే. ఎయిర్‌పోర్టు కొలంబోకి ఉత్తరాన ఉంది కాబట్టి దిగగానే ఊళ్లోకి వెళ్లకండి. నేరుగా దంబుళ్ల వెళ్లి ఒక రాత్రి, గుహాలయాలు చూసుకుని నిలావెలిలో మూడు, కొలంబోలో ఒకటి, చివర గాలేలో ఒకటి. కొలంబో నుంచి గాలేకి రైలెక్కి కుడి వైపు కూర్చోండి, పట్టాల పక్కనే సముద్రం. కోట పోర్చుగీసు వాళ్లు మొదలుపెడితే డచ్చి వాళ్లు పెంచింది. సాయంత్రం గోడ మీద నడవడానికి అలలతో పనిలేదు. గాలే నుంచి ఎయిర్‌పోర్టుకి ఎక్స్‌ప్రెస్‌వే ఉంది, అయినా ఆ పూట ఇంకేం పెట్టుకోకండి.

బుక్ చేసేముందు వెసాక్ పౌర్ణమి, అంటే వాళ్ల బుద్ధుడి పండగ, ఎప్పుడొచ్చిందో చూడండి. మేలో వస్తుంటుంది. వీధినిండా కాగితం లాంతర్లు, చూడాల్సిందే. కానీ రైళ్లు, గదులు నిండిపోతాయి.

ఉప్పాడ అమ్మాయి:
పుస్తకం కొనేశా మాస్టారూ. వెసాక్ తేదీ చూసి టికెట్ ఇంకో వారానికి జరిపాం. అక్షరాలు చదవలేక మావారు కళ్లజోడు మార్పించుకోడానికి వెళ్లారు.