వేరుశనగ చెక్క పెంచినా పెయ్యదూడలు బరువు పెరగడం లేదు

మా రెండు జెర్సీ క్రాస్ పెయ్యదూడలకు ఇప్పుడు 7 నెలలు. 40 రోజుల కిందట టేపుతో ఛాతీ చుట్టూ కొలిచి బరువు లెక్కేస్తే ఒకటి 88 కిలోలు, మొన్న 96. అంటే రోజుకు 200 గ్రాములే. ఈ వయసులో 400 అయినా రావాలి కదా! రెండోదీ అంతే.

ఒక్కోదానికి రోజుకు కిలో దాణా (బస్తా మీద ప్రొటీన్ 20 శాతం అని ఉంది), 5 కిలోల సూపర్ నేపియర్ పచ్చగడ్డి, మిగతాదంతా వరిగడ్డి. ప్రొటీన్ చాలట్లేదేమోనని ఈ 40 రోజులూ అరకిలో వేరుశనగ చెక్క నానబెట్టి కలిపాను. పేడ పల్చబడి ఘాటు వాసన వస్తోంది. పక్కటెముకలు అలాగే కనిపిస్తున్నాయి, పొట్ట మాత్రం కుండలా ఉంది. చెక్క ధర సంగతి అడక్కండి.

నట్టల మందు 21 రోజుల తేడాతో రెండుసార్లు పట్టించాను, తర్వాత పేడ పరీక్షలో గుడ్లు లేవు. ఖనిజ లవణ మిశ్రమం రోజూ 25 గ్రాములు. జ్వరం, దగ్గు లేవు. తొట్టి నాకి మరీ తింటాయి.

వరిగడ్డిలో బలం తక్కువ, అందుకే ఇచ్చిన ప్రొటీన్‌ను వాడుకునే శక్తి చాలక వృథా అవుతోందేమోనని నా అనుమానం. చెక్క సగానికి తగ్గించి మొక్కజొన్న నూక పెడదామనుకుంటున్నా. ఈ బరువున్న దూడకు నూక రోజుకు ఎంత పెట్టాలి?