మైక్రోబిట్‌ఎక్స్ పవర్ కొలవాలి, ఏ డమ్మీ లోడ్ తీసుకోవాలి?

కృష్ణలంక హామ్: నమస్కారం. హామ్ రేడియో లైసెన్స్ ఈమధ్యే వచ్చింది. అషర్ ఫర్హాన్ గారు రూపొందించిన మైక్రోబిట్‌ఎక్స్ రిగ్ (తక్కువ పవర్ రేడియో సెట్) హైదరాబాద్ నుంచి తెప్పించుకున్నాను. యాంటెన్నా కట్టేలోపు డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్) తగిలించి 7 మెగాహెర్ట్జ్‌లో ఎన్ని వాట్లు వస్తున్నాయో, 28కి వెళ్లేసరికి ఎంత పడిపోతోందో చూసుకుందామని. షాపులో 50 ఓమ్‌ల, 10 వాట్ల తెల్ల సిమెంట్ రెసిస్టర్ ఇచ్చారు. మల్టీమీటర్‌లో 50 చూపిస్తోంది. ఇది చాలదా? ఆన్‌లైన్‌లో 100 వాట్లది కొనుక్కోమని ఇక్కడొకాయన అంటున్నారు.

రాగి తీగ: సిమెంట్ రెసిస్టర్ వద్దు మిత్రమా. లోపలంతా చుట్టిన తీగే. డీసీకి 50 ఓమ్‌లు, ఆర్ఎఫ్‌కి (రేడియో ఫ్రీక్వెన్సీకి) కాయిల్, 50గా ఉండదు.

పాత కీ: అందరూ వాట్లు చూసి కొంటారు. వాట్లు ఎక్కువుంటే కాలిపోదు, అంతవరకే. కొలతకి కావలసింది, మీరు వాడే ఫ్రీక్వెన్సీలో, వేడెక్కాక కూడా అది 50 ఓమ్‌లుగానే ఉండటం.

మీ 10 వాట్ల రిగ్‌కి 100 వాట్లది దండగ. 1 కిలో ఓమ్, 2 వాట్ల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు 20 తెచ్చి ప్యారలల్‌లో పెట్టండి. 50 ఓమ్‌లు, 40 వాట్లు. ఫిల్మ్ మీదా స్ప్రింగులా గాడి ఉంటుంది, కానీ 20 కలిసేసరికి ఆ ఇండక్టెన్స్ (కాయిల్ గుణం) లెక్కలోకి రాదు. రెండు కాపర్ బోర్డు ముక్కల మధ్య నిలబెట్టి, కాళ్లు పొట్టిగా కత్తిరించి టంకం వేయండి. కనెక్టర్ బోర్డుకే అంటుకుని ఉండాలి. 2 సెంటీమీటర్ల వైరు ఇండక్టెన్స్ సుమారు 20 నానోహెన్రీలు: దాని అడ్డు 7 మెగాహెర్ట్జ్‌లో ఓమ్ లోపే, 145లో 18 ఓమ్‌లు. రేపు వీహెచ్ఎఫ్‌కి (ఆ 145 ఉండే బ్యాండ్‌కి) వాడదామంటే ఎస్‌డబ్ల్యూఆర్ (లోడ్ 50 ఓమ్‌లకి ఎంత సరిపోయిందో చెప్పే నిష్పత్తి, 1 అయితే పక్కా) 1.4 చూపిస్తుంది.

లోడ్ 52 ఓమ్‌లు వచ్చినా టెన్షన్ పడకండి, ఎస్‌డబ్ల్యూఆర్ 1.04 మాత్రమే. లెక్కలో 52 వేసుకుంటే సరి. అసలు తప్పు వచ్చేది మీటర్‌లో. డయోడ్ ప్రోబ్‌తో (ఆర్ఎఫ్‌ని మల్టీమీటర్ చదివే డీసీగా మార్చేది) పీక్ వోల్టేజీ చూసి, వర్గం చేసి, ఓమ్‌లకి రెట్టింపుతో భాగించండి. 50 ఓమ్‌ల మీద 10 వాట్లకి 31.6 వోల్టులు రావాలి. డయోడ్ మింగే 0.6 వోల్టు కలపకపోతే అక్కడ దాదాపు 4 శాతం తక్కువ చూపిస్తుంది, 1 వాట్ దగ్గరైతే 12 శాతం. డయోడ్ మీద రివర్స్‌లో 63 వోల్టుల దాకా పడుతుంది, 1ఎన్4148 తట్టుకుంటుంది. పేరున్న బర్డ్ 43 ఆర్ఎఫ్ పవర్ మీటర్‌కే ఫుల్ స్కేల్ మీద 5 శాతం తేడా ఒప్పుకుంటారు. దానికి 100 వాట్ల ఎలిమెంట్ (రేంజ్‌ని బట్టి మార్చే ప్లగ్) పెట్టి మీ 10 వాట్లు కొలిస్తే అది 5 అన్నా, 15 అన్నా మీటర్‌ది తప్పు కాదు మరి!

కృష్ణలంక హామ్: చాలా థాంక్స్ సార్. ఫ్రెండ్ దగ్గర నానోవీఎన్ఏ (ఫ్రీక్వెన్సీని బట్టి లోడ్ ఎలా ఉందో చూపే చిన్న మీటర్) ఉంది. దాంతో లోడ్ చూస్తే సరిపోతుందా?

పాత కీ: చూడండి, 30 మెగాహెర్ట్జ్ దాకా. కానీ అది చల్లగా ఉన్నప్పటి సంగతే చెబుతుంది. రిగ్‌ని సీడబ్ల్యూలో (మోర్స్ మోడ్‌లో) పెట్టి కాసేపు కీ నొక్కి ఉంచండి, లోడ్ నుంచి రిగ్ తీసేసి వెంటనే మల్టీమీటర్‌తో ఓమ్‌లు చూడండి. ముందు రెండు ప్రోబులు కలిపి ఎంత చూపిస్తోందో చూసి దాన్ని తీసేయాలి. నానోవీఎన్ఏ తగిలించి ఉండగా మాత్రం పొరపాటున కూడా కీ నొక్కకండి. ఫ్రెండ్‌కి కొత్తది కొనివ్వాల్సి వస్తుంది. 73 (శుభాకాంక్షలు).