ఆటిజం ఉన్న బాబు చిన్న వివరాలు ఇట్టే పట్టేస్తాడు, పిలిస్తే తిరగడు: ఇది ఏకాగ్రత లోపమేనా?

ప్రశ్న (ఒక తల్లి, మారతహళ్ళి, బెంగళూరు)
అందరికీ నమస్కారం. ఐదేళ్ల మా బాబుకు ఆటిజం ఉంది. కంటి పరీక్షలోనూ వినికిడి పరీక్షలోనూ ఏ లోపమూ కనబడలేదు. బొమ్మల పుస్తకంలో పేజీ మూలన ఉన్న చీమను క్షణంలో చూపిస్తాడు గానీ, అదే పేజీలో పాప ఎందుకు ఏడుస్తోందని అడిగితే చెప్పడు. తిరుగుతున్న ఫ్యానును చూస్తున్నప్పుడు ఎంత పిలిచినా తిరగడు. వాడికి ఏకాగ్రత లేదని బడిలో అంటున్నారు. చీమను అంత త్వరగా పట్టుకునే పిల్లవాడి గురించి ఆ మాట అంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

జవాబు (స్పెషల్ ఎడ్యుకేటర్, జయనగర)
అమ్మా, మీ సందేహం న్యాయమైనది. పెద్ద బొమ్మలో దాగిన చిన్న ఆకారాన్ని వెతికే పరీక్షలో, అంతే మానసిక వయసున్న (అంటే బుద్ధి వికాసంలో అదే స్థాయిలో ఉన్న) ఇతర పిల్లల కంటే ఆటిజం ఉన్న పిల్లలు మెరుగ్గా చేశారని 1983లో అమితా షా, ఊటా ఫ్రిత్ అనే పరిశోధకులు చూపించారు. తర్వాతి పరిశోధనలన్నిటిలోనూ ఇదే ఫలితం రాలేదు కనుక ప్రతి బిడ్డకూ దీన్ని వర్తింపజేయకూడదు. మొత్తం బొమ్మను చూడలేకపోవడం కాదు, వివరాల వైపు చూపు ముందుగా మొగ్గడమే దీనికి కారణమని లారెంట్ మోట్రాన్ వంటి పరిశోధకులు వాదించారు. బడిలో నేను చూసిన పిల్లలను బట్టి నాకూ అదే సబబనిపిస్తుంది. ఇక పాప ఏడుపుకు కారణం చెప్పాలంటే చూపుతో పాటు భాష, ఎదుటివారి మనసు గురించిన ఊహ కూడా కావాలి.

ఫ్యాను సంగతి వేరు. లాండ్రీ, బ్రైసన్ అనే పరిశోధకులు 2004లో చేసిన ప్రయోగంలో, తెర మధ్య బొమ్మ అలాగే ఉండగా పక్కన మరొకటి కనిపించినప్పుడు ఆటిజం ఉన్న పిల్లలు చూపు మరల్చడానికి చాలా ఇబ్బందిపడ్డారు. మధ్య బొమ్మను తీసేస్తే ఆ ఇబ్బంది అంతగా లేదు. అంటే దృష్టి లేకపోవడం కాదు, పట్టుకున్నదాన్ని వదలడం కష్టం. అందుచేత దూరం నుంచి పదేపదే పిలవకుండా, వాడి చూపుకు అందేలా కూర్చుని, ఒక్కసారి పిలిచి కాస్త ఆగండి. చీమతోనే మాట మొదలుపెట్టి, అక్కడి నుంచి పాప దగ్గరికి వేలితో దారి చూపండి.

జవాబు (ఒక తండ్రి, వైట్‌ఫీల్డ్)
మేడమ్ చెప్పినదానికి ఒక మాట చేరుస్తున్నాను. చూపు నిలిచిపోయినప్పుడు భుజం తట్టినా స్పందన లేకపోతే, కనురెప్పలు అదురుతుంటే, వీడియో తీసి న్యూరాలజీ డాక్టరుకు చూపించండి. ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ (ఫిట్స్) ఎక్కువగా కనిపిస్తుంది, కొన్ని రకాల మూర్ఛ కేవలం తదేకంగా చూడటంలాగే ఉంటుంది. మాకు ఇక్కడి మెదడు, మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే పరీక్ష) చేశారు.

ప్రశ్న అడిగిన తల్లి
ధన్యవాదాలండీ. భుజం తడితే వెంటనే చూస్తాడు. బడిలో కళ్లలోకి చూడమని వాడి గడ్డం పట్టి తిప్పుతున్నారు, అది ఆపమని చెప్పవచ్చా?

జవాబు (స్పెషల్ ఎడ్యుకేటర్, జయనగర)
తప్పకుండా చెప్పండి. వాడు వినడమే మనకు కావలసింది. కొందరు పిల్లలు ఎదుటివారి ముఖం నుంచి చూపు తిప్పుకున్నప్పుడే బాగా వింటారు. తరగతిలో ఫ్యానూ కిటికీ నేరుగా కనబడని చోట కూర్చోబెట్టమని కూడా అడగండి.