‘నేలమీద మనిషిని, సంద్రంలో సిల్కీని’: షెట్లాండ్ పాటలో ఒక పాదం

స్కాట్లండ్ జానపద కథలు తెలుగు చేస్తున్న సభ్యులొకరు సెల్కీని ‘మత్స్యకన్య’ అనవచ్చా అని అడిగారు. వద్దండీ. మత్స్యకన్యకు నడుము దాకా మనిషి, ఆ కింద చేప. సెల్కీలో అలాంటి సగాలు లేవు. నీళ్లలో ఉన్నంతసేపు నిండా సీల్ అనే సముద్రజంతువు, ఒడ్డున ఆ తోలు విప్పితే నిండా మనిషి. ఆడవాళ్లే కాదు, మగ సెల్కీలూ ఉన్నారు. అసలు స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్నీ, షెట్లాండ్ దీవుల మాండలికంలో సెల్కీ అంటే మామూలు సీలే. జంతువుకూ కథలో మనిషికీ ఒకటే పేరు.

షెట్లాండ్‌లోని స్నారా వో అనే ఊళ్లో ఒక పెద్దావిడ చెబుతుంటే నౌకాదళ అధికారి థామస్ రాసుకున్న పాట ఒకటుంది. ఇంగ్లిష్, స్కాటిష్ జానపద కథాగేయాలను చైల్డ్ అనే పండితుడు కూర్చిన సంకలనంలోని 305 పాటల్లో అది 113వది. ఒక తల్లి జోల పాడుతూ, ‘నా బిడ్డ తండ్రెవరో నాకు తెలియదు, ఏ దేశంలో తిరుగుతాడో అసలే తెలియదు’ అంటుంది. అప్పుడొక భయంకరమైన అతిథి వచ్చి మంచం కాళ్ల దగ్గర నిలబడి, ‘నేనే’ అంటాడు:

‘ఆయామ్ ఎ మ్యాన్ అపో ద లాన్,
ఎన్ ఆయామ్ ఎ సిల్కీ ఇన్ ద సీ’

ఈ పాటలో సెల్కీని ‘సిల్కీ’ అని పలుకుతారు. దీన్ని ‘నేలమీద మనిషిగా మారతాను’ అని రాస్తే పాట చచ్చిపోతుంది. అతను మారతానని చెప్పడం లేదు, ఇక్కడ ఇది, అక్కడ అది అంటున్నాడు. ఈ మాట చెప్పడానికి తెలుగుకు క్రియే అక్కర్లేదు:

‘నేలమీద మనిషిని,
సంద్రంలో సిల్కీని.’

‘కవిని’, ‘రైతుని’ అన్నప్పుడు మనం చేర్చే ‘-ని’ ఒక్కటే రెండు చోట్లా సమానంగా నిలబడింది.

వ్యాఖ్య: బాగుంది మాస్టారూ, కానీ ‘నేను’ లేకపోతే ‘మనిషిని’ అన్నది ‘మనిషిని చూశాను’లోని ద్వితీయా విభక్తిలా వినిపించదా?

జవాబు: వినిపిస్తుంది, ముఖ్యంగా పాదాన్ని విడిగా చదివితే. అందుకని మొదటి పాదంలో ‘నేను’ పెట్టండి: ‘నేలమీద నేను మనిషిని, సంద్రంలో సిల్కీని’. రెండోసారి అక్కర్లేదు, చెవి దానంతటదే అందుకుంటుంది.

వ్యాఖ్య: కథల్లో తోలు దాచేస్తే సెల్కీ మనిషిగా ఉండిపోతుంది కదా. అది మారడం కాదా?

జవాబు: మంచి ప్రశ్న. ఆర్క్నీ జానపదాలు సేకరించిన వాల్టర్ ట్రెయిల్ డెన్నిసన్ రాసిన కథే తీసుకోండి. ఒక రైతు సెల్కీ పిల్ల తోలు ఎత్తుకుపోయి ఆమెను పెళ్లాడతాడు. ఏడుగురు పిల్లలు పుడతారు. కానీ ఆమె తోలు కోసం వెతకడం మానదు. ఒకరోజు చిన్నకూతురు, చూరు కింద నాన్న దాచడం చూశానని చెబుతుంది. అంతే, తీసుకుని సముద్రానికి పరుగెత్తుతుంది. అన్నేళ్లూ ఆమె సెల్కీయే. ఇంటికి వెళ్లే దారి మూసుకుపోయిందంతే. తోలు పోయిందని సెల్కీతనం పోలేదు.

వ్యాఖ్య: కెల్పీ కూడా ఇదేనా?

జవాబు: కాదండీ. కెల్పీ నదుల దగ్గర కనిపించే నీటిగుర్రం. వీపెక్కినవాణ్ని నీళ్లలోకి లాక్కుపోయి చంపుతుంది. రెంటినీ ‘జలభూతం’ అనేస్తే పాఠకుడికి సెల్కీ మీద కలగాల్సిన జాలి కలగదు.

పాట చివర చూడండి. అతను తల్లికి బంగారం ఇచ్చి, బిడ్డను తీసుకుపోయి ఈత నేర్పుతానంటాడు. తర్వాత ఇంకో మాట చెబుతాడు: నువ్వొక తుపాకీవాణ్ని పెళ్లాడతావు, వాడు పేల్చే మొట్టమొదటి గుండు నా కొడుకునీ నన్నూ చంపుతుంది. ఆ దీవుల్లో తోలు కోసం, నూనె కోసం సీల్స్‌ను నిజంగానే వేటాడేవారు. తుపాకీవాడికి అక్కడ కనిపించేది రెండు సీల్స్ మాత్రమే. ‘మారతాను’ అని అనువదిస్తే, ‘పాపం, ఆ క్షణంలో సీల్ రూపంలో ఉన్నాడు’ అనుకుని ఊరుకుంటాం. ‘సిల్కీని’ అంటే చచ్చిపోయింది తండ్రీ కొడుకులే.

సూల్ స్కెర్రీ పేరును మాత్రం తెలుగు చేయకండి. అది ఆర్క్నీకి పడమరగా సముద్రంలో నిజంగా ఉన్న చిన్న రాతిదీవి. పాటలో అతను తన ఇల్లని చెప్పుకునేది దాన్నే.